మొత్తం సరిపోతే చాలునా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ధాన్యం వ్యాపారం చేసిన పాతతరం వారి లెక్కలకు రెండు పుస్తకాలు ఆధారం: చిట్టా, ఆవర్జా. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజు వరుసగా పడుతుంది. ఆవర్జాలో అవే పద్దులు పేరుపేరునా విడిపోయి చేరుతాయి. ఆ పైన అన్నిటి సారాంశంగా ఒక తేరీజు. పైథాన్‌లో పాండాస్ సాయంతో నేడు మనం చేసే గ్రూప్‌బై ఆ ఆవర్జాయే. పివట్ టేబుల్ ఆ తేరీజే. పని పాతదే గాని, ఆ గుమాస్తాకు తన పుస్తకంమీద ఉండిన అనుమానం మాత్రం మనకు వారసత్వంగా రాలేదని నా అభిప్రాయం.

పేర్ల చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. పివట్ పట్టిక ఆలోచనకు మూలంగా 1991లో వచ్చిన లోటస్ ఇంప్రూవ్‌ను చెబుతారు. 1993లో ఎక్సెల్ అయిదవ కూర్పుతో అది ఇంటింటికీ చేరింది. వెస్ మెకిన్నీ పాండాస్ రచన మొదలుపెట్టినది 2008లో. ముక్కలుగా విడదీయడం, ఒక్కొక్క ముక్కనూ లెక్కించడం, ఫలితాలను కలపడం అనే మూడంచెల పద్ధతిని హ్యాడ్లీ విక్హమ్ 2011 నాటి వ్యాసంలో విశదంగా వివరించాడు.

ఈ లెక్కలను పరీక్షించాలి అనగానే వచ్చే అభ్యంతరం ఒకటుంది: పాండాస్‌కు దాని కర్తలే వేలకొద్దీ పరీక్షలు రాసిపెట్టారు కదా, మళ్ళీ మనమెందుకు? వారు పరీక్షించినది కూడిక సరిగా జరుగుతోందా అని. మన పట్టికలో రేపల్లె రేపల్లెగానే ఉన్నదా అన్నది వారికి తెలియదు. ఆ బాధ్యత మనదే.

ఒక చిన్న పట్టికను ఊహించుకోండి. తెనాలి మండలంలో రెండు పొలాలు, రేపల్లె మండలంలో ఎనిమిది. ఒక్కొక్కటి ఒక్కొక్క ఎకరం. తెనాలి పొలాల్లో ఎకరాకు ముప్పై బస్తాలు, రేపల్లెలో ఇరవై. మొత్తం 220. ఇప్పుడు రేపల్లె పొలాల్లో ఒకదానికి మండలం గడి ఖాళీగా ఉండిపోయిందనుకుందాం. మండలాలవారీగా గ్రూప్‌బై చేస్తే తెనాలి 60, రేపల్లె 140, వెరసి 200. ఇరవై బస్తాలు మాయం. తప్పు జరిగిందన్న సందేశమూ లేదు, హెచ్చరికా లేదు. పేరు లేని వరుసను వదిలివేయడం పాండాస్‌కు మొదటినుండీ ఉన్న అలవాటు. దాన్ని నిలిపి ఉంచమని అడిగే వీలు 2020లో 1.1 కూర్పుతో వచ్చింది, మనం అడిగితేనే. అంతకన్న సూక్ష్మమైనది మరొకటి. ఒక మండలంలో దిగుబడి గడులన్నీ ఖాళీగా ఉంటే వాటి కూడిక సున్నా అని వస్తుంది. “వివరం అందలేదు” అన్న మాట “పంట పండలేదు” అన్న మాటగా మారిపోతుంది. రైతు దృష్టితో చూడండి, ఈ రెంటికీ ఎంత దూరమో!

కనుక మొదటి పరీక్ష తెలిసినదే: ముక్కల మొత్తం, అసలు మొత్తం ఒకటి కావాలి. చాలామంది ఇక్కడితో తృప్తిపడతారు. నా వాదమంతా ఇక్కడినుండే మొదలు. మొత్తం చక్కగా సరిపోతూనే లెక్క పూర్తిగా తప్పు కావచ్చు.

చుండూరు అని ఒకరు రాస్తారు, త్సుండూరు అని మరొకరు. అమృతలూరు, అమర్తలూరు, నిజాంపట్నం, నిజాంపట్టణం. మనిషికి ఒకే ఊరు, యంత్రానికి రెండు. యూనికోడు తెలుగుతో కుస్తీ పట్టిన మిత్రులకు ఇంకొక సంగతి చెప్పనక్కరలేదు: పేరు చివర కంటికి కనబడని విడదీత అక్షరమొకటి అంటుకున్నా అది వేరే పేరే. తెనాలిలోని వైకుంఠపురాన్నే తీసుకోండి. ఆ ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. తెరమీద తేడా శూన్యం, పట్టికలో రెండు వరుసలు. ధాన్యానికీ ఇదే కథ. బాపట్లలో రూపుదిద్దుకొని 1986లో విడుదలైన వరివంగడం ఒక చీటీలో సాంబ మసూరి, మరొక చీటీలో బీపీటీ 5204. ఏ విధంగా చీలినా మొత్తం మాత్రం గింజ తేడా లేకుండా సరిపోతుంది! అందుచేత రెండవ పరీక్ష పేర్లమీద ఉండాలి. రావలసిన పేర్ల జాబితా ముందే మన చేతిలో ఉండాలి; అందులో లేనిది ఒక్కటి కనబడినా లెక్క ఆగిపోవాలి.

పేరు మారకుండానే అర్థం మారడం అన్నిటికంటె ప్రమాదకరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో బాపట్ల, వేమూరు, రేపల్లె నియోజకవర్గాల 12 మండలాలు గుంటూరునుండి విడివడి కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి. పల్నాడు వేరే జిల్లా అయింది. తెనాలి గుంటూరులోనే నిలిచింది. 2021 ఖరీఫునూ 2022 ఖరీఫునూ జిల్లాలవారీగా పివట్ చేసి పక్కపక్కన పెట్టండి: గుంటూరు జిల్లా వరి హఠాత్తుగా కుప్పకూలినట్టు కనబడుతుంది. రైతులు నాట్లు మానలేదు, గీత జరిగిందంతే. చీరాల సంగతి ఇంకా విచిత్రం: 1970 దాకా గుంటూరు జిల్లా, తరువాత ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు, 2022లో బాపట్ల జిల్లా. ఇటువంటి పట్టికను చూసి ఏ అధికారైనా విత్తనాలో, సహాయనిధులో కేటాయిస్తే నష్టం గడిలో ఉండదు, పొలంలో ఉంటుంది. జిల్లా పేరుతో పాటు ఏ తేదీనాటి జిల్లా అన్నది కూడా లెక్కలో భాగం కావాలి. ఏళ్ళను పోల్చవలసి వస్తే మండలాన్ని ఆధారంగా తీసుకొని, ఒకే నాటి హద్దులతో కూర్చడం న్యాయం.

ఇక సగటు. పై ఉదాహరణలో గడులన్నీ నిండి ఉన్నాయనే అనుకుందాం. తెనాలి సగటు 30, రేపల్లె సగటు 20. ఈ రెంటి సగటు 25. పది పొలాల అసలు సగటు 22. సగటుల సగటు సగటు కాదు. ఎక్సెల్‌లో అంకెలతో పివట్ చేస్తే మామూలుగా కూడిక వస్తుంది. పాండాస్‌లో ఏమీ చెప్పకపోతే సగటు వస్తుంది. ఒకే పేరుగల పట్టిక రెండుచోట్ల రెండు మాటలు చెబుతుందన్నమాట. ఏది కావాలో ప్రతిసారీ నోరు తెరిచి చెప్పడమే ఉత్తమం.

పరీక్ష రాసే తీరుమీద కూడా ఒక మాట. నేడు వచ్చిన ఫలితాన్నే దాచిపెట్టి, రేపటి ఫలితం దానితో సరిపోతున్నదా అని చూసేవారున్నారు. అది నేటి తప్పుకు రేపటి కాపలా. జవాబు యంత్రంనుండి రాకూడదు. పది వరుసల పట్టిక చాలు. కాగితంమీద మన చేత్తో కూడి తేల్చిన జవాబు కావాలి. ఆ పదింటిలో ఒక ఖాళీ గడి, రెండు విధాల చుండూరు, హద్దు మారిన ఒక మండలం ఉద్దేశపూర్వకంగా ఉండాలి. లక్ష వరుసలు ఇవ్వలేని భరోసా ఆ పది వరుసలు ఇస్తాయి.

తెలుగు పేర్లతో, తెలుగు లిపిలో పట్టికలు పెరుగుతున్న కాలమిది. ఇతర భాషలవారు రాసిన పరీక్షలకు మన ఐత్వమూ తెలియదు, మన త్సుండూరూ తెలియదు. అవి తెలిసిన మనమే వాటిని రాయకపోతే మరెవరు రాస్తారు?