మూటాముల్లె సర్దే ముందు

సంపాదకులకు,

జీతం పెరుగుతుందంటే ఊరు మారడానికి తటపటాయించకూడదని గత సంచికలో మీ వ్యాసకర్త రాశారు. ఆయన లెక్కలో అద్దె ఉంది, బడి ఫీజు ఉంది. పిల్లవాడు చదివే తరగతి మాత్రం లేదు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసేవాణ్ణి. 2015లో భార్యాబిడ్డలతో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వచ్చాం. జీతం నిజంగానే పెరిగింది, కాదనను. మావాడు అప్పటికి నాలుగో తరగతి పూర్తిచేశాడు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, ఒకటి నుంచి ఏడు తరగతుల్లో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికుడు. నేరుగా భర్తీచేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. మావాడికి పలాసలో నాలుగేళ్లు, ఇక్కడ మూడేళ్లు. ఒక్క ఏడాది ముందు కదిలి ఉంటే లెక్క తిరగబడేది! ఆ ఉత్తర్వు మేం వచ్చాక వచ్చింది, నిజమే. కానీ రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద స్థానికత గొడవ 1974 నుంచీ ఉన్నదే. అడిగి తెలుసుకోవాలన్న ధ్యాస నాకే లేకపోయింది.

మా అమ్మ రానంది. పెరట్లో నాలుగు జీడిచెట్లు వదిలి మూడో అంతస్తులో ఏం చేస్తానంది. ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో వ్యాసకర్తే చెప్పాలి.

వెళ్లొద్దని నేననను. ముందు ఒక్కరు వెళ్లి, ఏడాది చూసి, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు ముందేసుకుని కూర్చోమంటాను.

— ఒక పాఠకుడు, నాచారం