రోలు, రోల్, రొట్టె

కరీంనగర్ నుంచి వరంగల్ పోయే దారిలో ఉన్న హుజూరాబాద్ పేరు 2021 ఉపఎన్నికప్పుడు రాష్ట్రమంతటా మారుమోగింది. ఆ గోల సద్దుమణిగాక ఊరు తన పనిలో తాను పడింది. ఆ పనుల్లో సాయంత్రం పూట బయట తినడం ఒకటి. మిర్చీబజ్జీ బండ్ల సరసన ఇప్పుడు రోల్స్ అమ్మే చిన్న దుకాణాలు వెలిశాయి. ఒక పెద్ద పెనం, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రంగురంగుల బోర్డు: అంతే సరంజామా. అటువంటి ఒకచోట నేనూ అప్పుడప్పుడు తింటుంటాను. దాని పేరు చెప్పను, ప్రచారం నా ఉద్దేశం కాదు గదా!

మా పెద్దల్లో కొందరికి ఈ దుకాణాలంటే గిట్టదు. "పరాయి తిండి" అని ఒక్క మాటలో తీసిపారేస్తారు. ఈ వాదంతో నేను ఏకీభవించలేను. హుజూర్ అరబ్బీ మాట, ఆబాద్ పారసీకం. ఊరి పేరులోనే ఇంత పరాయితనాన్ని జీర్ణించుకున్నవాళ్ళం మనం. సద్దుల బతుకమ్మనాడు రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేసి నైవేద్యం పెడతామే, ఆ మలీదా పేరు కూడా నలపడమనే అర్థమున్న పారసీక మాట నుంచి వచ్చినదే. ఆ ముద్దను పరాయిదని ఎవరూ అనగా నేను వినలేదు.

ఇక రోల్ సంగతి. దాని పుట్టిల్లు కలకత్తా. 1932లో అక్కడ మొదలైన నిజాంస్ అనే భోజనశాలలో కబాబును పరోటాలో చుట్టి ఇవ్వడంతో ఇది ప్రచారంలోకి వచ్చిందని చెబుతారు. తరువాత ఇనుప చువ్వల బదులు వెదురు పుల్లలు వాడసాగారు. బెంగాలీలో కాఠీ అంటే పుల్ల. ఆ పుల్ల పేరే వంటకానికి స్థిరపడిపోయింది. దీని బొంబాయి తోబుట్టువు ఫ్రాంకీ. 1969లో అమర్‌జిత్ సింగ్ టిబ్ అనే ఆయన, లెబనాన్‌లో చూసిన చుట్టిన రొట్టెను మనసులో పెట్టుకుని తయారుచేసి, వెస్టిండీస్ క్రికెటర్ ఫ్రాంక్ వొరెల్ పేరు దానికి పెట్టాడు. వంటకానికి క్రికెటర్ పేరు నాకు వింతగానే తోస్తుంది. పనిముట్టు పేరు మాత్రం వింత కాదు. సర్వలో కాలిస్తే సర్వపిండి, గిన్నెలో కాలిస్తే గిన్నప్ప అని పిలుచుకునే వాళ్ళకు పుల్ల పేరుతో ఉన్న తిండి చుట్టమే అవుతుంది.

నా అభ్యంతరం మరొకచోట ఉంది. ఆ రోల్‌లో ఉన్నదంతా మైదా. ఈ ప్రాంతపు నేల పండించిన ధాన్యం అందులో గింజైనా లేదు. ఒకప్పుడు ఇక్కడ పొద్దుటి సద్దికీ రాత్రి కూటికీ ఆధారం జొన్నలు, మక్కలు. పోచంపాడుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. దరిమిలా కాకతీయ కాలువ నీళ్ళు ఈ పొలాలకు వచ్చి వరి విస్తరించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదవాని కంచంలోకి తెల్లన్నం రావడం చిన్న సంగతి కాదు, దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. కాని ఆ అన్నంతోపాటే జొన్నరొట్టె లేమికి గుర్తయిపోయింది. ఇవాళ వైద్యుడు చక్కెర వ్యాధి ఉందని చెబితేగాని దాని వంక చూడనివారు ఎందరో! ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు జొన్నకు కొంత గౌరవం వచ్చిన మాట నిజమే. అయితే ఆ గౌరవం అందమైన పొట్లాల్లో, అందని ధరల్లో ఉండిపోయింది.

మా వైపు పట్టణాల్లో చీకటి పడేవేళకు రోడ్డు పక్కన పొయ్యి ముట్టించి, జొన్నపిండిని చేత్తో తట్టి రొట్టెలు కాల్చి అమ్మే స్త్రీలను మీరు చూసే ఉంటారు. ఆ పనిలోని నేర్పు మాత్రం చాలామంది గమనించరు. గోధుమపిండిలోని గ్లూటెన్ అనే జిగురు వల్ల పరోటా సాగుతుంది, ఎటు చుడితే అటు చుట్టుకుంటుంది. జొన్నలో ఆ జిగురు లేదు. అందుకే మరిగే నీళ్ళు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి ఉడికినట్లై కొంత పట్టు చిక్కుతుంది. రొట్టె వేడిగా ఉన్నంతసేపు మడత పడుతుంది, చల్లారితే విరుగుతుంది. ఎంత పలుచన చేయవచ్చో, ఏ క్షణాన తిప్పాలో ఆమె అరచేతికి తెలుసు. అంత పనితనానికి ఆమె పొందే ధర, ఎదురుగా ఉన్న దుకాణంలో తెచ్చిపెట్టుకున్న పరోటాను వేడిచేసి ఇచ్చే రోల్ ధరలో నాలుగో వంతు కూడా ఉండదు. కూర్చునేందుకు కుర్చీ లేదు, బోర్డు అసలే లేదు. కుర్రకారు రోల్ తినడం నన్ను బాధించదు, ఈ తేడా బాధిస్తుంది.

జొన్నపిండిలో సగం మైదా కలిపి చుట్టండని నేను సలహా ఇవ్వబోవడం లేదు. అది రెంటికీ చెడిన రేవడి. వేడి రొట్టెను ఒక్క మడత పెట్టి, నడుమ ఎల్లిపాయ కారమో, వంకాయ కూరో, కోడికూరో ఉంచి, కాగితం చుట్టి అక్కడికక్కడే చేతికిస్తే చాలు. కుర్రవాళ్ళకు కావలసింది కూడా అదే: నిలబడి, ఒక చేత్తో, చొక్కా పాడవకుండా తినగలగడం. మయొనీజ్ అవసరమూ తప్పుతుంది. పచ్చిగుడ్డుతో చేసే ఆ తెల్లటి పూతను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది, జనం జబ్బుపడటం చూసి. కల్తీ వాంతులకు భయపడనక్కరలేని పచ్చడి మన రోట్లో ఉండగా సీసా కోసం వెతకడం దేనికి?

రోలు అన్నాను గనుక పేరు విషయం కూడా. బోర్డు మీద తెలుగులో "చికెన్ రోల్" అని చదివి, కోడిని రోట్లో వేసి దంచుతారు కాబోలని ఒక ముసలమ్మ అడిగితే నవ్వడానికి ఏమీ లేదు; మన భాషలో రోలు ముందు నుంచీ ఉన్నదే. చుట్ట అందామంటే పొగాకు అడ్డం వస్తుంది. చుట్టురొట్టె అనేది నాకు తోచింది. జొన్నదానికైతే మడతరొట్టె. మీ ప్రాంతాల్లో ఇలా కూర పెట్టి మడిచిన రొట్టెకు పాత పేరేదైనా ఇళ్ళలో వాడుకలో ఉంటే దయచేసి తెలుపగలరు. అదే బోర్డుకెక్కించమని చెప్పడానికి ఆ రొట్టెలమ్మ దగ్గరికి వెళ్ళే పని నాది.