నిండుగా తిరిగొచ్చిన నీళ్ళ బాటిల్

మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు నడిగూడెం నుంచి నేరుగా న్యూజెర్సీ బళ్ళో పడింది. అంతకుముందు ఏడాదిన్నర, మా వీసాల గొడవ తేలక, మా అమ్మ దగ్గరే ఉంది. చదివింది ఇంగ్లీషు మీడియమే, కానీ బడి గేటు దాటితే అంతా తెలుగే.

ఇక్కడ బళ్ళో చేర్పించేటప్పుడు ఒక కాగితం ఇస్తారు. పిల్ల మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఏం మాట్లాడతారు అని. అన్ని చోట్లా "ఇంగ్లీషు" అని రాసేశాను. "తెలుగు అని రాశావంటే ఈఎస్ఎల్‌లో వేస్తారు, పిల్ల వెనకబడ్డట్టే" అని ఆఫీసులో ఓ సీనియర్ గారి ఉచిత సలహా. నాకూ అది పరువు సమస్యలానే అనిపించింది మరి.

రెండు వారాల తర్వాత మా ఆవిడ కనిపెట్టింది, నీళ్ళ బాటిల్ రోజూ నింపింది నింపినట్టే తిరిగొస్తోందని. అడిగితే పిల్ల చెప్పింది: "నీళ్ళు తాగితే బాత్రూమ్‌కి పోవాలి గదా నాన్నా. ఎట్లా అడగాలో నాకు తెలవదు."

ప్రోగ్రాములో తప్పేమీ లేదు, స్పెసిఫికేషన్ తప్పు రాసింది నేనే!

మర్నాడే వెళ్ళి కాగితం మార్చి రాసిచ్చాను. చిన్న పరీక్ష పెట్టి, రోజూ కాసేపు విడిగా కూర్చోబెట్టి చెప్పే టీచర్ దగ్గరికి పంపారు. ఆవిడ మొదట చేసిన పని, బాత్రూమ్, నీళ్ళు, కడుపునొప్పి బొమ్మలున్న కార్డులు చేతికివ్వడం. నోరు పెగలకపోతే కార్డు చూపిస్తే చాలు. ఆ వారమే బాటిల్ ఖాళీగా వచ్చింది.

మనం నామోషీగా అనుకునే ఈ సాయం ఎవరి దయా కాదండీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లల తరఫున వేసిన 'లావు వర్సెస్ నికల్స్' కేసులో 1974లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: అందరికీ అవే పుస్తకాలు, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదని. ఎవరో కొట్లాడి తెచ్చిన హక్కుని మనం ఒక్క టిక్కుతో వదిలేసుకుంటున్నాం.

ఇంకో మాట. పిల్లలు ఆటల్లో గలగలా మాట్లాడేస్తే "వచ్చేసింది" అనుకుంటాం. జిమ్ కమిన్స్ అనే కెనడా పండితుడి లెక్కలో ఆ కబుర్ల భాషకి ఏడాది, రెండేళ్ళు చాలు. పాఠాల భాషకి మాత్రం అయిదేళ్ళ పైనే పడుతుంది. కాబట్టి ఆర్నెల్లకే కంగారు పడకండి, ఆర్నెల్లకే సంబరపడిపోనూ వద్దు.

మరి ఇంట్లో? చాలామంది ఇక్కడే తెలుగు కట్టేస్తారు. మా ఊళ్ళో రాజావారి కోట ఉంది. ఆ మునగాల సంస్థానానికి దివానుగా చేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు చిన్నప్పుడే అక్క భండారు అచ్చమాంబ వెంట నాగపూర్ వెళ్ళి అక్కడే చదువుకున్నారు. మరాఠీలో వ్యాసాలు రాసేంతగా ఆ భాష పట్టుబడింది. అయినా అక్క ఇంట్లో తెలుగు పోలేదు. ఆ అక్క తెలుగులో కథలు రాసింది, తమ్ముడు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి తెలుగులో చరిత్ర, సైన్సు పుస్తకాలు వేయించారు. రెండో భాష రావడానికి మొదటిదాన్ని చంపక్కర్లేదు అనడానికి మా ఊరికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రోజంతా అర్థంకాని మాటల మధ్య బిక్కుబిక్కుమంటూ గడిపొచ్చిన పిల్లకి, ఇంట్లోనైనా ఆలోచించకుండా మాట్లాడే వీలుండాలి. అక్కడా మన వచ్చీరాని యాసతో ఇంగ్లీషు మొదలెడితే, ఆ నీళ్ళ బాటిల్ సంగతి మాకు ఎప్పటికి తెలిసేది? ఆ మాట తను చెప్పింది తెలుగులోనే కదా.

కొత్తగా పిల్లల్ని తీసుకొస్తున్నవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. కాగితంలో నిజం రాయండి. రోజూ సాయంత్రం ఏం నేర్చుకున్నావని అడిగే ముందు, ఒకసారి ఆ బాటిల్ ఎత్తి చూడండి.