గ్రౌండుకి తాళం, అమ్మకి మాత్రలు

మాది ఆత్మకూరు. నెల్లూరు ఆత్మకూరు కాదు, అనంతపురం ఆత్మకూరూ కాదు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా కేజీ రోడ్డు పట్టుకుని దోర్నాల వైపు వస్తుంటే, నల్లమల మొదలవ్వబోయే ముందు తగులుతుందే, ఆ ఆత్మకూరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, అప్పట్నుంచి నంద్యాల జిల్లా. (మా నాన్న మాత్రం ఇప్పటికీ అడ్రసులో కర్నూలు జిల్లా అనే రాస్తాడు. ఉత్తరాలు చేరుతూనే ఉన్నాయి.)

పోయిన నెల ఊరెళ్ళాను. పొద్దున అయిదున్నరకి మిద్దె మీద ఏదో చప్పుడైతే ఎక్కి చూశా. మా అమ్మ నడుస్తోంది. నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, పిట్టగోడ వెంబడి వెళ్ళి, బట్టల తీగ కింద తల వంచి, మళ్ళీ ట్యాంకు దగ్గరకి. ఒక చుట్టు అవగానే చేతిలోంచి ఒక చింతగింజ తీసి గోడ మీద పెడుతోంది. మొత్తం నలభై గింజలట. మా మిద్దె చుట్టూ తిరిగితే పాతిక మీటర్లుంటుందేమో, అంటే నలభై చుట్లకి కిలోమీటరు. చుట్టుకి నాలుగు మూలలు, మొత్తం నూట అరవై మలుపులు, అదీ అరిగిన మోకాళ్ళతో! ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. షుగరు, బీపీ, ఉండాల్సిన దానికంటే పద్దెనిమిది కిలోల బరువు ఎక్కువ. మాత్రలతో పాటు రోజూ నడవమని కూడా డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడవాలో చెప్పలేదు.

"మిద్దె మీదెందుకుమా, కింద నడవచ్చు గదా" అన్నాను.

"యాడ నడిచేది నాయనా? పెద్ద రోడ్డు మింద పోతే లారీలు. ఈదిలో పోతే కనపడినోళ్ళంతా పొద్దన్నే యాడికి పోతాండావు వదినా అని అడుగుతారు. ఒళ్ళు తగ్గేదానికి పోతాండా అని చెప్పేదా?"

నేను సాఫ్టువేరు వాణ్ణి కదా, వెంటనే ట్రెడ్‌మిల్ కొనిస్తానన్నాను. "మీ నాయన దాని మింద తువ్వాళ్ళు ఆరేస్తాడు" అంది. నిజమే, నా ఫ్లాట్‌లో ఉన్న ట్రెడ్‌మిల్ మీద నేను చేస్తున్న పని కూడా అదే :)

ఇంతకీ ఈ టపా మా అమ్మ గురించి కాదు. ఆ మిద్దె మీదనుంచి చూస్తే కనపడే ఒక గ్రౌండు గురించి. అది ఒక బడి గ్రౌండు. ఏ బడి అన్నది అనవసరం, మీ ఊళ్ళో ఉన్న బడి అనుకున్నా తేడా ఏం రాదు. చుట్టూ గోడ, ముందు ఇనుప గేటు, గేటుకి తాళం. ఆ పొద్దున అయిదున్నరకే లోపల ఇరవై మంది కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. మరి తాళం ఉంది కదా అంటే, గోడ దూకి వెళ్తారు. మా చిన్నప్పుడు మేమూ దూకినవాళ్ళమే. గేటు ఎనిమిదిన్నరకో తొమ్మిదికో తీస్తారు, సాయంత్రం బడి వదలగానే వేసేస్తారు. మా వైపు ఎండలు మీకు తెలియనివి కావు. మార్చి దాటితే నడవగలిగింది పొద్దున ఏడు లోపల, లేదంటే చీకటి పడ్డాక. గేటు తెరిచి ఉన్న వేళ పెద్దవాళ్ళెవరూ నడవలేరు, నడవగలిగే వేళకేమో తాళం. ఆ గ్రౌండు గోడ దూకగలిగినవాడికి మాత్రమే గ్రౌండు. చీరకట్టుకున్న యాభై ఎనిమిదేళ్ళ మనిషికి అది గోడే.

ఇప్పుడు ఇంజినీర్ల భాషలోకి వద్దాం. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళు 2010లో మొదలుపెట్టిన కౌంటీ హెల్త్ ర్యాంకింగ్స్ అని ఉన్నాయి. అందులో పెద్దవాళ్ళ ఊబకాయం ఒక అంకె, వ్యాయామ అవకాశాల అందుబాటు ఇంకో అంకె. ఆ రెండోది ఎలా లెక్కేస్తారంటే, పార్కుకి అర మైలు లోపల ఉన్నారా, లేదా వ్యాయామ కేంద్రానికి పట్నమైతే ఒక మైలు, పల్లె అయితే మూడు మైళ్ళ లోపల ఉన్నారా అని. ఉంటే అందుబాటులో ఉన్నట్టే. అందుబాటు ఎక్కువున్న చోట ఊబకాయం కాస్త తక్కువ కనపడుతుంది, నిజమే. కానీ అలాంటి కౌంటీలు చాలావరకు డబ్బున్న కౌంటీలు కూడా. పార్కు వల్ల సన్నబడ్డారా, సన్నగా ఉండగలిగే స్తోమతున్నవాళ్ళే పార్కు పక్కన ఇల్లు కొనుక్కున్నారా అన్నది ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే తేలదు.

అది వాళ్ళ బాధ. నా బాధల్లా ఏంటంటే, ఆ కొలతని పట్టుకొచ్చి మా ఆత్మకూరు మీద పెడితే మా అమ్మ నూటికి నూరు మార్కులతో పాసవుతుంది! గ్రౌండు మా ఇంటికి మూడు వందల మీటర్లు. సర్వర్ పింగ్‌కి జవాబిస్తోంది కాబట్టి అంతా బాగానే ఉందని మేనేజరుకి చెప్పి, యూజర్లకి లాగిన్ పేజీయే రావట్లేదన్న సంగతి దాచేసే రకం లెక్క ఇది. మన ఆఫీసులో ఎవడైనా అలా రిపోర్టు ఇస్తే ఊరుకుంటామా? ఊళ్ళ విషయంలో మాత్రం దశాబ్దాలుగా ఊరుకుంటున్నాం. ఫలానా మండలంలో ఇన్ని ఆటస్థలాలు ఉన్నాయి అని కాగితం మీద రాస్తారు. అవి ఎన్ని గంటలకి తెరుస్తారు, లోపల దీపం ఉందా, మరుగుదొడ్డి ఉందా, పొద్దున ఆరుకి అక్కడ ఎంతమంది ఆడవాళ్ళు ఉన్నారు అన్న గడులు ఆ కాగితంలో ఉండవు.

ఇది ఒక్క మా ఇంటి గోల అయితే నేనే ఏదో సర్దుకునేవాణ్ణి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు చూడండి. 2015-16లో ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్న ఆడవాళ్ళు 33.2 శాతం, మగవాళ్ళు 33.5 శాతం. దాదాపు సమానం. 2019-21 సర్వేకి వచ్చేసరికి ఆడవాళ్ళు 36.3, మగవాళ్ళు 31.1. మగవాళ్ళ శాంపిల్ చిన్నది కాబట్టి వాళ్ళది తగ్గిపోయిందని నేను పందెం కట్టను, పెరగలేదందాం. ఆడవాళ్ళది మాత్రం పెరిగింది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళ సగటు 24 శాతం, మనది దానికి ఒకటిన్నర రెట్లు. పైగా ఇదంతా 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళ లెక్క. యాభై ఎనిమిదేళ్ళ మా అమ్మ ఇందులో లేనే లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన లెక్క ప్రకారం, 2022 నాటికి మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్ళు 57 శాతం, మగవాళ్ళు 42 శాతం. ఈ పదిహేను శాతం తేడాకి ఆడవాళ్ళ బద్ధకం కారణం అనేవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ఒక్క వారం వాళ్ళింట్లో వంటా, అంట్లూ చేసి వచ్చి మాట్లాడాలి.

ఇక్కడ ఒక మిత్రుడు తప్పకుండా అంటాడు, "మా అవ్వ ఏ జిమ్ముకెళ్ళింది? తొంభై ఏళ్ళు గుండ్రాయిలా ఉంది" అని. మా అవ్వా వెళ్ళలేదు. ఆవిడ బావి నుంచి నీళ్ళు మోసింది, జొన్నలు విసిరింది, కలుపు తీసింది, రొట్టె తినింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న రొట్టె మెల్లగా వెనక్కి పోయింది. తర్వాత కొళాయి, గ్రైండరు, ఆటో వచ్చాయి. రావాల్సినవే వచ్చాయి, మళ్ళీ మా అమ్మ నెత్తిన బిందె పెట్టమని నేననను. కానీ పని రూపంలో ఉన్న కదలిక పోయినప్పుడు దాని బదులు వేరే కదలికకి ఒక చోటు చూపించాలి కదా? మగవాళ్ళకి చూపించారు. కర్నూలు వైపు పాతకాలంలో తాలింఖానాలుండేవి, ఇప్పుడు గోడ మీద కండల బొమ్మ, లోపల ఆంజనేయస్వామి ఫొటో ఉన్న జిమ్ములున్నాయి. రెండూ మగవాళ్ళవే. మా పక్కింటి ఆపా బురఖాతో ఆ జిమ్ములోకి అడుగుపెట్టడం మీరు ఊహించుకోగలరా?

సరే, తిండి సంగతో? ఒప్పుకుంటా. బరువు తగ్గడంలో తిండిదే పెద్ద వాటా, ఒట్టి నడకతో పద్దెనిమిది కిలోలు కరగవు. గేటు తెరవగానే ఆత్మకూరంతా సన్నబడిపోతుందని నేను చెప్పట్లేదు. కానీ బరువు ఒక్క కిలో తగ్గకపోయినా నడిచేవాళ్ళకి షుగరు, బీపీ అదుపులో ఉండటం తేలిక, మోకాళ్ళకీ మంచిది. ఆ మాత్రం చాలు నాకు. (ఇంకోమాట. ఇదే ఆత్మకూరు దాటి దోర్నాల దారిలో బైర్లూటి చెంచు గూడెం దగ్గర సమస్య పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ తిండి చాలక బక్కచిక్కిన ఒళ్ళు. దాని గురించి వేరే రాయాలి, ఇందులో కలిపితే అన్యాయం.)

మరి మన సంగతేంటి అంటారా? మనకి ఆఫీసులోనే జిమ్ము, ఏసీ, అద్దాలు, ట్రైనరు. 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో హైదరాబాదు ఐటీ ఉద్యోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ళు, ఏఐజీ ఆసుపత్రి వాళ్ళు కలిసి 345 మందిని పరీక్షిస్తే 71 శాతం మందికి ఊబకాయం, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు. అంతకుముందు 2023లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చూస్తే, వారానికి 150 నిమిషాల వ్యాయామం చేస్తున్న ఐటీ ఉద్యోగులు 22 శాతమే. కాబట్టి యంత్రాలు కొనిపెడితే అందుబాటు వచ్చేసినట్టు కాదని మన పొట్టలే సాక్ష్యం. మనకి యంత్రం ఉంది, ఆ యంత్రం దగ్గరికి వెళ్ళే గంట లేదు. మా అమ్మ దగ్గర ఆ గంట ఉంది.

ప్రభుత్వాలు ఏం చేశాయంటారా? 2023 డిసెంబరులో ఆడుదాం ఆంధ్రా అన్నారు. కిట్లు పంచారు, పోటీలు పెట్టారు, ఫిబ్రవరికల్లా ముగిసింది. ప్రభుత్వం మారింది. 2025 జూన్ 21న విశాఖ సముద్రపొడ్డున యోగాంధ్ర అన్నారు. లక్షల మంది ఒకేచోట, గిన్నిస్ రికార్డు, జూన్ 22న ఎవరి ఇంటికి వాళ్ళు. (ఏ పార్టీ అభిమానులూ నా మీదకి రాకండి, ఇద్దర్నీ అన్నాను.) ఒకరోజు పండగ కాదు నేనడుగుతున్నది. కొలంబియాలో బొగొటా అనే ఊరుంది, 1974 నుంచి ఆదివారాలు పెద్ద పెద్ద రోడ్లని కొన్ని గంటలపాటు వాహనాలకి మూసేసి నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి వదిలేస్తున్నారు. అక్కడ కొత్తగా కట్టింది పెద్దగా ఏమీ లేదు. ఉన్నదాన్నే ఏ వేళకి ఎవరిది అని తేల్చుకున్నారు, ఏళ్ళ తరబడి ఆ మాట మీద నిలబడ్డారు.

మా ఊరికి ఇది కొత్తేమీ కాదు. ఉగాది ముందు మా ఊరి మీదుగా కన్నడ భక్తులు శ్రీశైలానికి కాలినడకన పోతారు. ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, అలా అడవిలో పడి కొండెక్కుతారు. ఎక్కడో ఉత్తర కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చిన ఆడవాళ్ళు, మా అమ్మకంటే పెద్దవాళ్ళు, లావుపాటి వాళ్ళు, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు. మా ఊరివాళ్ళు ఎదురెళ్ళి మజ్జిగిస్తారు, అన్నం పెడతారు. ఏమ్మా పొద్దన్నే యాడికి పోతాండావు అని ఒక్కరూ అడగరు. నాలుగేళ్ళ కిందట శివరాత్రికి మా అమ్మ కూడా మా పిన్నితో కలిసి ఆ దారిన నడిచింది. రెండున్నర రోజులు. మోకాళ్ళకి బ్యాండేజీ కట్టుకుని భీముని కొలను మెట్లెక్కిన మనిషి, ఇంటి ముందు వీధిలో అరగంట నడవడానికి సిగ్గుపడి మిద్దె ఎక్కుతోంది. అక్కడ నడకకి దేవుడి పేరుంది. ఇక్కడ ఒళ్ళు తగ్గడం అనే పేరు తప్ప ఇంకేం లేదు, ఆ పేరు పైకి చెప్పుకోలేరు. పదిమంది ఆడవాళ్ళు ఒకే వేళకి ఒకే గేటులోంచి వెళ్తే పేరు అక్కర్లేదు.

అందుకే నేను ఓపెన్ జిమ్ములు అడగట్లేదు. మా అత్తగారి ఊళ్ళో ఒక పార్కులో పెట్టారు, ఎర్రవీ పచ్చవీ. రెండేళ్ళకి బోల్టులూడి పిల్లలకి ఉయ్యాలలయ్యాయి. నేనడిగేది, ఉన్న బడి గ్రౌండు గేటు పొద్దున అయిదు నుంచి ఏడు దాకా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తీయమని. అందులో ఒక గంట ఆడవాళ్ళకే అని బోర్డు పెట్టమని. నాలుగు దీపాలు, నీళ్ళొచ్చే ఒక మరుగుదొడ్డి, తాళం తీసి వేసే మనిషికి జీతం. హెడ్మాస్టరుకి భయాలుంటాయి. సీసాలు పగలగొడతారు, కిటికీలు విరగ్గొడతారు, రేపు ఏదైనా జరిగితే తన మెడకి చుట్టుకుంటుంది. ఆ భయం న్యాయమే. అందుకే మనిషి కావాలంటున్నా. గోడ దూకేవాళ్ళని తాళం ఇప్పటికీ ఆపట్లేదు కదా!

ఆ జీతం ఎవరిస్తారు? ఇక్కడే నాకు మన మీద ఒళ్ళుమంట. మన బ్యాచ్ వాళ్ళం పదేళ్ళకోసారి పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకుని, ఫ్లెక్సీ వేసుకుని, సార్లకి శాలువాలు కప్పి, బడికి ఒక ఆర్చి కట్టించి దాని మీద అందరి పేర్లు చెక్కించుకుంటాం. మా బ్యాచ్ కట్టించినదీ ఆర్చే. చందా నేనూ ఇచ్చా, నా పేరూ ఉంది, ఇంటిపేరులో అచ్చుతప్పుతో సహా. ఆ ఆర్చి కిందే ఉంది ఆ తాళమేసిన గేటు. ఒక మనిషికి రోజుకి నాలుగు గంటల జీతం మనలో పదిమంది వారాంతం బిర్యానీ మానేస్తే వెళ్ళిపోతుంది. (మన కాలేయాలకీ మంచిది.) కానీ జీతం మీద పేరు చెక్కించుకోలేం.

ఈ మాట మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పదకొండు బొటనవేళ్ళు, నాలుగు దండాలు, ఒకడు "ముందు నువ్వు పొట్ట తగ్గించరా" అన్నాడు. ముగ్గురు మాత్రం విడిగా ఫోన్ చేసి, ఆరు నెలల జీతం మేం చూస్తాం, నువ్వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడు అన్నారు. దసరాకి వెళ్తున్నా. ఆత్మకూరు, వెలుగోడు, నందికొట్కూరు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ వీధి దగ్గరున్న బడి గేటు ఎన్నింటికి తీస్తారో, తాళం ఎవరి దగ్గరుంటుందో కనుక్కుని నాకు చెప్పండి. ఆ సంగతి తేలేలోపు మా అమ్మ గింజలు నలభై నుంచి యాభై చేసిందట. వానొచ్చిన రోజు మిద్దె జారుతుందని ఎక్కట్లేదు.