గట్టు మీది పెట్టె ఎవరి చేతిలో ఉండాలి?

తెల్లవారుజామున రొయ్యల చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. పగలు నాచు తయారుచేసే ప్రాణవాయువు చీకటి పడ్డాక రాదు. ఉన్నదాన్ని నాచూ, రొయ్యా, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ కలిసి వాడేస్తాయి. ఆ వేళకు ఏరేటర్లు ఆగి ఉంటే రొయ్య పైకి తేలుతుంది, పంట పోతుంది. అందుకే నందివాడ మొదలు నాగాయలంక దాకా కొందరు రైతులు గట్టు మీద సెన్సర్ పెట్టెలు పెట్టుకుంటున్నారు. ఆక్సిజన్ తగ్గినా, కరెంటు పోయినా ఆ పెట్టె వెంటనే రైతు ఫోన్‌కు కబురు చేయాలి.

నేను గుడివాడలో ఈ పెట్టెలకు సాఫ్ట్‌వేర్ రాస్తాను, చెడితే బాగుచేస్తాను. కబురు మోసుకెళ్లే చిన్న నెట్‌వర్కింగ్ లైబ్రరీ ఒకదాన్ని మరికొందరితో కలిసి చూసుకుంటున్నాను. అది ఓపెన్ సోర్స్: ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, తమ పెట్టెలో వాడుకోవచ్చు. కొత్తగా ఏం చేర్చారని అందరూ అడుగుతారు. ఏ యంత్రం మీద బిల్డ్ అవుతుందనీ, లైసెన్సు ఏమిటనీ అడిగేవాళ్లు అరుదు. రైతుకు అక్కరకొచ్చేవి ఈ రెండే.

దివిసీమ ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, బోర్డులు పాడవుతాయి. మొదట వాడిన చిప్పే మళ్లీ బజారులో దొరుకుతుందన్న నమ్మకం లేదు. దొరికిన చిప్పు మీదికి అదే కోడ్ ఎక్కగలగాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ, సి భాషలో చార్ అనే చిన్న డేటా రకం ఒక్కటి చాలు, పని చెడగొట్టడానికి. మామూలు ఇంటెల్ కంప్యూటర్‌లో అది −128 నుంచి 127 దాకా విలువలు పడుతుంది. ఆర్మ్ చిప్పుల మీద సాధారణంగా 0 నుంచి 255 దాకా. సెన్సర్ తీగ తెగితే −1 వచ్చేలా రాసిన ఒక మార్పు ఆ మధ్య మా దగ్గరికి వచ్చింది. బల్ల మీది కంప్యూటర్‌లో చక్కగా పనిచేసింది. ఆర్మ్ బోర్డు మీద ఆ −1 కాస్తా 255గా మారింది. సున్నా కన్నా తక్కువ వస్తేనే అలారం మోగాలన్నది షరతు, కాబట్టి అలారం మోగనే లేదు. అన్ని రకాల బోర్డుల మీదా బిల్డ్ చేసి నడిపి చూస్తేనే ఇలాంటివి చెరువు దాకా పోకుండా ఆగుతాయి.

ఈ శ్రద్ధకు మంచి నమూనా ఎల్‌డబ్ల్యూఐపీ. స్వీడన్‌లో ఆడమ్ డంకెల్స్ రాసిన ఈ లైబ్రరీకి కొన్ని పదుల కిలోబైట్ల ర్యామ్, కోడ్‌కు సుమారు 40 కిలోబైట్ల చోటు ఉంటే చాలు. ఆపరేటింగ్ సిస్టమ్‌తో ముడిపడిన భాగాన్ని ఆయన విడిగా ఒక పొరలో పెట్టారు. కొత్త చిప్పు వస్తే ప్రధానంగా ఆ పొరా, నెట్‌వర్క్ డ్రైవరూ మార్చుకుంటే సరిపోతుంది. దాని లైసెన్సు బీఎస్‌డీ తరహాది, కంపెనీలు కూడా జంకు లేకుండా వాడుకోవచ్చు.

లైసెన్సు దగ్గరే మనవాళ్లు చాలా అలక్ష్యంగా ఉన్నారు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతిగా లెక్కిస్తుంది. అంటే లైసెన్సు ఫైలు పెట్టకుండా ఇంటర్నెట్‌లో పెట్టిన కోడ్‌ను చూడొచ్చు గానీ, మన ఉత్పత్తిలో కలుపుకునే హక్కు రాదు. అదే చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యజమానికి చెందుతుంది. ఈ రెండు ముక్కలూ ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే చెప్పాలి. మా లైబ్రరీకి ఎవరైనా కోడ్ పంపితే అది ఎక్కడిదో, పంపే హక్కు వారికుందో లేదో రాసివ్వమంటాం. కొందరికి కోపం వస్తుంది. వచ్చినా సరే, అడగాల్సిందే.

తర్వాత సరిచేద్దాంలే అనుకుంటే ఏమవుతుందో ఇంటర్నెట్ సమాచారాన్ని గుప్తీకరించే లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ చూపించింది. దాని పాత లైసెన్సుకూ, పంచితే సోర్సు కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సుకూ పొసగక ఏళ్ల తరబడి ఇబ్బందులొచ్చాయి. లైసెన్సు మార్చాలంటే కోడ్ రాసిన వందల మందిని వెతికి అనుమతి అడగాల్సి వచ్చింది. 2015లో అనుకున్న మార్పు 2021లో 3.0 వెర్షన్‌తో గానీ పూర్తి కాలేదు. మరోవైపు, డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో విడుదల చేసిన, నెట్‌లో డేటా పంపే, తెచ్చే సాధనం కర్ల్ తొలి మూడేళ్లలోనే లైసెన్సు సంగతి తేల్చుకుంది. ఇవాళ అది ఫోన్లలో, టీవీల్లో, కార్లలో ఉంది.

సోర్సు రైతుకు అందకపోతే ఏమవుతుందో కోడూరు వైపు చూశాం. అక్కడ కొందరు రైతులకు పెట్టెలు అమ్మిన ఒక కంపెనీ తర్వాత మూతపడింది. సర్వర్ ఆగింది, పెట్టెలు మూగబోయాయి. సెన్సర్లు బాగానే ఉన్నాయి, బ్యాటరీలూ బాగానే ఉన్నాయి. సోర్సు కోడ్ చేతిలో ఉంటే కబురు వెళ్లే చిరునామా మార్చి మళ్లీ నడిపించేవాణ్ని. లోపల లైనక్స్ ఉంది, కనీసం ఆ భాగం సోర్సైనా అడిగితే ఇవ్వాలని జీపీఎల్ చెబుతుంది. అడగడానికి అక్కడ మనిషి లేడు. ఇదే జీపీఎల్ కారణంగా 2003లో లింక్‌సిస్ తన రౌటర్ సోర్సు బయటపెట్టింది. అందులోంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది, తయారీదారు వదిలేసిన ఎన్నో రౌటర్లు దానితో నేటికీ పనిచేస్తున్నాయి.

రైతు సొంత డబ్బుతో కొనేదాని మీద షరతులు పెట్టే అధికారం నాకు లేదు. ప్రజల డబ్బుతో కొనేవాటి సంగతి వేరు. చెరువు సెన్సరైనా, తుఫాను సైరనైనా, సోర్సు, బిల్డ్ చేసే పద్ధతి, లోపలి లైబ్రరీల లైసెన్సుల జాబితా సరుకుతో పాటే అప్పగించాలి. ఆ సోర్సును కంపెనీతో సంబంధం లేనివాళ్లు బిల్డ్ చేసి, పెట్టెలో ఎక్కించి చూశాకే డబ్బు చెల్లించాలి. కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉంది, ఈ పరీక్ష అక్కడి విద్యార్థుల చేత చేయించవచ్చు. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. కృష్ణా జిల్లాలో కొనుగోళ్లు చూసే అధికారులు ఈ షరతులన్నిటినీ వచ్చే టెండరులోనే చేర్చాలి.