వయసు మీద వేసిన నింద

కర్ణాటకలోని సండూరు లోయలో ఇనుప గనుల ఎర్ర దుమ్ము అందరికీ కనిపిస్తుంది. ఇంటి కప్పుల మీద, చింతాకుల మీద, ఉతికి ఆరేసిన పంచెల మీద పేరుకుంటుంది గనుక ఆ గనుల మీద లోకాయుక్త నివేదిక రాసింది, సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, పత్రికలు పేజీలు నింపాయి. కంటికి ఆననిది మరొకటి ఉంది. రంగు, రుచి, వాసన ఏవీ లేకుండా బోరునీటిలో దిగే ఆర్సెనిక్. లోయలోని యశ్వంతనగర్ నీటిలో అది ఉందని మేము నింద వేయడం లేదు. వెతకవలసిన చోట వెతకడం పాలకుల బాధ్యత అంటున్నాం. ఎందుకు వెతకాలో ఇదే రాష్ట్రంలోని మరో జిల్లా చెబుతోంది.

యాదగిరి జిల్లా సురపుర తాలూకాలో కిరదళ్ళి తాండా ఉంది. లంబాడీల ఊరు. దగ్గర్లోని మంగళూరు బంగారు గని 1994లో మూతపడింది. గని మూతపడింది కాని రాయిలోని విషం మూతపడలేదు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ప్రాంతపు బోర్లను, మనుషులను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షకు వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆర్సెనిక్ వల్ల వచ్చే చర్మపు గుర్తులతో ఉన్నారు. ఒళ్ళంతా చినుకులు రాలినట్టు మచ్చలు, అరిచేతుల్లో అరికాళ్ళలో గట్టిపడిన కాయలు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితేనే అవి వస్తాయి. అంటే లెక్కలు బయటపడే నాటికే నష్టం జరిగిపోయింది. కేంద్ర భూగర్భజల మండలి కర్ణాటకలో ఆర్సెనిక్ జాడ ఉన్న జిల్లాలుగా రాయచూరును, యాదగిరిని చూపుతుంది. హట్టి బంగారు గనులు ఉన్నది ఆ రాయచూరులోనే.

హట్టి, మంగళూరు గనులున్న రాతి పట్టీలను భూగర్భ శాస్త్రజ్ఞులు గ్రీన్‌స్టోన్ పట్టీలు అంటారు. సండూరు కొండలు కూడా ఆ కోవకు చెందిన పట్టీయే. ఒకే రకం రాళ్ళున్నంత మాత్రాన ఒకే విషం ఉండి తీరాలని లేదు. కాని టన్ను ఖనిజంలో ఇనుము ఎంతుందో దశాంశాలతో లెక్కగట్టే ప్రభుత్వానికి, ఆ రాళ్ళ సందుల్లోంచి ఊరే నీటిలో ఏముందో ఏ బోరుకా బోరు లెక్క చెప్పడం కష్టమైన పని కాదు. లీటరు నీటిలో 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993 నుంచి చెబుతోంది.

ఇందులో ముసలివాళ్ళ మాట ప్రత్యేకంగా ఎందుకు? ఆర్సెనిక్ అప్పు లాంటిది. పడుచుతనంలో తీసుకుంటే ముసలితనంలో వడ్డీతో కట్టాలి. చిలీ దేశపు ఆంటోఫగాస్టా పట్టణం 1958 నుంచి 1970 వరకు ఆర్సెనిక్ నిండిన నది నీరు తాగింది. 1970లో శుద్ధి కేంద్రం వచ్చింది, నీరు బాగుపడింది. ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు మాత్రం ఆ తరువాత దశాబ్దాల పాటు అక్కడ ఎక్కువగానే ఉండిపోయాయి. అమెరికాలో ఆదివాసీ తెగల పెద్దలను ఏళ్ళ తరబడి పరిశీలించిన అధ్యయనం, అంత ఎక్కువ మోతాదు లేకపోయినా గుండె జబ్బులకు ఆర్సెనిక్‌తో సంబంధం ఉందని చూపింది. రక్తపోటు, మధుమేహం, కాళ్ళ తిమ్మిర్లు కూడా ఆర్సెనిక్‌తో ముడిపడిన జబ్బుల జాబితాలోవే.

ఇప్పుడు ఈ జాబితా పట్టుకొని ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైనా వెళ్ళి చూడండి. బీపీ, షుగరు, తిమ్మిర్లు, ఆయాసం. అరవై దాటిన ప్రతి మనిషీ చెప్పుకునేవి ఇవే. 'వయసు మీద పడింది తాతా' అని మాత్రలిచ్చి పంపుతారు. అరిచేతిలో కాయలు చూపిస్తే, పారపట్టి రాళ్ళు మోసిన చేతులు గదా, కాయలు కాయవా అంటారు. కష్టం చేసిన చేతిలో విషం పెట్టిన కాయ పని కాయగా చెల్లిపోతుంది. మా అభియోగం ఇక్కడే. వయసు రోగం కాదు. విచారణ తప్పించుకోవడానికి వ్యవస్థ వాడుకుంటున్న సాకు అది.

మనకు ఇది కొత్త పాఠం కూడా కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తోందని 1937లోనే వైద్యులు లోకానికి చెప్పారు. నల్లగొండలో తరాల నడుములు వంగాక గాని నీటి పథకాలు కదలలేదు. ఫ్లోరైడ్ కనీసం నడుము వంచి సాక్ష్యం చెబుతుంది. ఆర్సెనిక్ గుండెపోటు రూపంలో వచ్చి గుండెపోటుగానే వెళ్ళిపోతుంది. మరణ ధ్రువపత్రంలో దాని పేరు ఉండదు.

డబ్బు లేదని ఎవరూ అనలేరు. గనుల వల్ల నష్టపోయిన జిల్లాల పునరుద్ధరణకు సుప్రీంకోర్టు పర్యవేక్షణలో దాదాపు 25 వేల కోట్ల రూపాయల ప్రణాళిక ఉంది. దాన్ని చూడటానికి 2022లో మాజీ న్యాయమూర్తి బి.సుదర్శన్ రెడ్డిని కోర్టు నియమించింది. ఇది కాక 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. వృద్ధుల ఆరోగ్యానికి 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం ఉంది. ఈ మూడింటినీ ఒక బోరుబావి దగ్గర కలిపే అధికారి కావాలి.

గని ఇలాకాలో ప్రతి తాగునీటి బోరునూ వానలకు ముందూ తరువాతా ఆర్సెనిక్ కోసం పరీక్షించాలి. ఫలితాన్ని పంచాయతీ గోడ మీద కన్నడంలో, తెలుగులో రాయాలి. అరవై దాటిన వాళ్ళ అరిచేతులు, అరికాళ్ళు వెలుతురులో చూడాలి, అనుమానం వస్తే గోళ్ళు, వెంట్రుకలు పరీక్షకు పంపాలి. ఎక్కడ పని చేశారు, ఏ బోరు నీళ్ళు ఎన్నేళ్ళు తాగారు అన్న రెండు ప్రశ్నలు ఓపీ చీటీలో చేర్చాలి. బోరు చెడ్డదని తేలితే పంపు మీద గుర్తు వేసి, ఆ రోజే వేరే నీళ్ళు ఇవ్వాలి.

ఒక మాట పాఠకులకు. కాచి చల్లార్చితే ఆర్సెనిక్ పోదు, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేతులు ఈ రోజు ఒకసారి తిప్పి చూడండి. మీ ఊరి బోరు పరీక్ష ఫలితం ఏదని పంచాయతీని రాతపూర్వకంగా అడగండి.