చేతకానివాడి ఓడ

నా ఓడ మాస్టు వంకరగా ఉంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి నవ్వక్కర్లేదు. ఓడకి ఎడమ పక్కన నా బొటనవేలి ముద్ర పడింది, ఇక పోదు. తిరగాల్సిన ఫిరంగి టరెట్ ఒకటి తిరగదు, జిగురు పెట్టకూడని చోట పెట్టాను. బియ్యపు గింజలో సగం కూడా లేని ముక్కలు మూడు ట్వీజర్ లోంచి ఎగిరి మా బూర్గంపాడు ఇంటి గచ్చు మీద ఎక్కడో పడ్డాయి. ఈపాటికి చీపురు వెంట వాకిట్లోకి పోయి ఉంటాయి.

ఇంత అధ్వానంగా కట్టిన ఓడని వెనకేసుకు రావడానికే ఇది రాస్తున్నాను.

ఓడ పేరు సుజుయా. రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ క్రూయిజర్. అసలు ఓడ పొడవు దాదాపు రెండు వందల మీటర్లు. నాది టామియా కంపెనీ ప్లాస్టిక్ కిట్, 1/700 స్కేలు, అంటే ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు. ఈ రకాన్ని వాటర్‌లైన్ అంటారు. నీళ్ళ పైకి కనిపించే భాగమే ఉంటుంది, అడుగు బల్లపరుపు. బల్ల మీద పెడితే బల్లే సముద్రం. జపాన్‌లోని షిజువోకా ప్రాంతపు కంపెనీలు నాలుగు కలిసి 1971లో ఈ వరస మొదలుపెట్టాయి, నాలుగూ ఓడల్ని పంచుకుని ఒకే స్కేల్లో అచ్చుపోశాయి.

గోదావరి ఒడ్డువాడికి జపాన్ ఓడతో ఏం పని అంటారా? 1942 ఏప్రిల్ 6న ఈ సుజుయా బంగాళాఖాతంలో ఉంది. ఆ రోజు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే పొద్దున సుజుయా, దాని జోడు ఓడ కుమానో, ఒక డిస్ట్రాయర్ కలిసి ఒరిస్సా తీరం పక్కన వర్తక నౌకల్ని వేటాడి ముంచాయి. అప్పటికి భద్రాచలం తాలూకా ఖమ్మంలో లేదు, తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. 1959 దాకా ఉంది. అంటే ఏటికి అవతల రాముడి గుడి ఉన్న ఊరికి, ఆ వెనక అడవిలోని కోయ గూడేలకి కూడా జిల్లా కేంద్రం కాకినాడే. సముద్రం ఎలా ఉంటుందో చూడని మనుషుల జిల్లా కేంద్రం మీద బాంబు పడింది. అందుకే దుకాణంలో ఉన్న ఓడలన్నిట్లో దీన్ని ఎంచుకున్నాను.

ఇక నన్ను ఏమన్నారో చెప్తాను.

మా మేనత్త: "పెళ్ళి చేసుకోరా అంటే బొమ్మలు కొంటున్నాడు."

మా నాయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే అడిగాడు. "ఎంతయింది?" మూడు వేల చిల్లర అన్నాను. ఆయన మాట్లాడలేదు. నాయన వడ్రంగి. ఆ లెక్క ఆయనకి నాలుగు రోజుల కూలి.

హైదరాబాదులో ఉన్న కవిమిత్రుడి మాట ఇంకాస్త పదును. "మీ చర్ల అవతల అడవిలో నిజం యుద్ధం చూసినవాళ్ళున్నారు. మీ రోడ్డు మీద క్యాంపులకి లారీలు పోతాయి. నువ్వు కూర్చుని యుద్ధనౌక బొమ్మ కడుతున్నావా?"

మిత్రుడి ప్రశ్న న్యాయమైనదే, దానికి ముందు జవాబు చెప్పాలి. యుద్ధం బొమ్మలు యుద్ధాన్ని ముద్దుగా చూపిస్తాయి, కాదనను. డబ్బా మీద బొమ్మలో సముద్రం నీలంగా, ఓడ నిగనిగలాడుతూ ఉంటుంది. కానీ కట్టేవాడికి కనిపించే ఓడ వేరు. సుజుయాకి అయిదు టరెట్లు, ఒక్కోదానికి రెండు గొట్టాలు. పది గొట్టాలూ చట్రంలోంచి కత్తిరించి, తెగిన చోట ఆకురాయితో నునుపు చేసి, ఒక్కోటీ అతికించాలి. నాకు రెండు రాత్రులు పట్టింది. రెండో రాత్రి ఒక ఆలోచన వచ్చింది: ఇందులో మనుషులు ఎక్కడ పడుకుంటారు? అసలు ఓడలో ఎనిమిది వందల మందికి పైగా ఉండేవారు. 1/700లో మనిషి రెండున్నర మిల్లీమీటర్లు. నా డబ్బాలో ఒక్క మనిషి కూడా లేడు. ఫిరంగులకి, టార్పెడో గొట్టాలకి, విమానం ఎగరేసే పట్టాలకి వేరువేరు ముక్కలున్నాయి. మనిషికి ముక్క లేదు. 1944 అక్టోబర్ 25న ఫిలిప్పీన్స్ దగ్గర ఈ ఓడ మునిగినప్పుడు బాంబుల ధాటికి దాని మీద ఉన్న దాని సొంత టార్పెడోలే పేలాయి. ఆ టార్పెడో గొట్టాలు ఎక్కడుంటాయో, వాటి పక్కన ఎంత ఇరుకో, ఇప్పుడు నా వేళ్ళకి తెలుసు.

ఈ ఓడ జట్టు ఆ ఏప్రిల్ పొద్దున ముంచినవాటిలో మాల్డా అనే ఓడ ఒకటి, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. అలాంటి ఓడల్లో బొగ్గు ఎత్తినవాళ్ళు, తాళ్ళు లాగినవాళ్ళు ఎక్కువగా మన ఉపఖండపు లష్కర్లు. నేను వెతికినంతలో మాల్డాకి కిట్ కనపడలేదు. వేటాడిన ఓడ మూడు వేలకి దొరుకుతుంది. బొగ్గు ఎత్తినవాడి ఓడ కావాలంటే మనమే ఏ చెక్కతోనో చెక్కుకోవాలి. యుద్ధం మీద నాకు కాలేజీ రోజుల నుంచీ అభిప్రాయాలున్నాయి, కవితలు కూడా రాశాను. ఈ లేమి మాత్రం ఏ కవిత రాస్తున్నప్పుడూ నాకు తట్టలేదు.

ఇక్కడే నా అసలు తగాదా మొదలవుతుంది. అది మిత్రుడి ఒక్కడితో కాదు, మనందరితో.

మన సాహిత్యంలో శ్రమజీవుల చేతుల మీద ఎంత కవిత్వముంది! కుమ్మరి చేయి, నేతకారుడి వేళ్ళు, కమ్మరి కండ. రాసిన మనలో ఆకురాయి ఏ వైపు రుద్దాలో ఎందరికి తెలుసు? చేతుల్ని పొగిడే చేతులకి ఒక్క కాయ లేదు. మనకి శ్రమ ఒక ఇతివృత్తం. సాయంత్రం సభలో శ్రమ సౌందర్యం మీద మాట్లాడి, ఇంటికొచ్చి కుళాయి కారుతుంటే ఫోను తీసి ప్లంబర్ని పిలుస్తాం. వాడి పేరు అడగం, కుళాయి పేరు పెట్టి ఫోనులో దాచుకుంటాం.

దీన్ని బద్ధకం అనుకుంటే పొరపాటు. ఈ దేశంలో పనిముట్టుకి కులం ఉంది. ఉలి పట్టావంటే ఎవరింటి వాడివో చెప్పినట్టే. 1937లో వార్ధాలో గాంధీ, పిల్లలకి చదువు చేతిపని ద్వారానే రావాలన్నాడు. ఆ ఆలోచన ఎంత గౌరవంగా మూలన పడిందో మా బడిలో చూశాను. టైంటేబుల్లో వారానికి రెండు క్రాఫ్ట్ పీరియడ్లుండేవి. రెంటిలోనూ లెక్కల సారు లెక్కలే చెప్పేవారు. మా క్లాసులో అందరి కంటే సంతోషించింది మా నాయనే.

అవును, మా నాయనే. ఆయన నన్ను చిత్రిక ముట్టుకోనివ్వలేదు. నాగళ్ళు చేశాడు, తలుపులు చేశాడు, నాటు పడవలకి పలకలు మార్చాడు. టేకు దుంగ ఇంటి ముందు కనిపిస్తే ఎక్కడిదని అడిగేవాళ్ళకి జవాబు చెప్పుకుంటూ బతికాడు. నేను ఉలి చేతిలోకి తీసుకుంటే లాక్కుని, "ఇది నాతోనే పోవాలె" అనేవాడు. ఆయన తప్పు చేశాడని నేననను. తన కొడుకుని ఒక కులపు గుర్తు నుంచి తప్పించాడు. దానికి వెలగా నా చేతులు పోయాయి.

పోయాయని 2022 జులైలో తెలిసింది. పదహారో తేదీన భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత మా వాళ్ళు చెప్పుకునే వరద అదే. నీళ్ళు తీశాక ఊళ్ళో ఏ తలుపూ మూసుకోలేదు. చెక్క ఉబ్బి చౌకట్లలో బిగిసిపోయింది. నాయనకి రోజుకి నాలుగైదు ఇళ్ళ పిలుపులు. సాయం చేస్తానని వెంట వెళ్ళాను. తలుపు ఎత్తి పట్టుకోమన్నాడు. ఎటు బరువు ఉంచాలో తెలీక జార్చాను, కింది అంచు పగిలింది. ఇంటివాళ్ళు ఏమీ అనలేదు. నాయన ఆ అంచుని ఊరికే అతికి ఇచ్చి, నాతో మెల్లగా అన్నాడు: "నువ్వు అటు పోయి ఫోను చూస్కోరా."

తిట్టి ఉంటే బాగుండేది.

కిట్ అందుకు కొన్నాను. నాయన్ని అడిగి నేర్చుకోవచ్చుగా అంటారు. ముప్పై దాటాక, అదే పనిలో ఆరితేరిన తండ్రి ముందు తప్పులు చేయడానికి సిగ్గేసింది. జపాన్ నుంచి వచ్చిన డబ్బా నన్ను చూసి నవ్వదు. వేసవి సెలవుల్లో ఇంటికొచ్చి, వెనక గదిలో తలుపేసుకుని మొదలుపెట్టాను. మే నెలలో మా వైపు ఎండ సంగతి తెలిసిందే. రంగు కుంచె మీదే ఆరిపోయేది, డెక్కు మీద లినోలియం గోధుమరంగు పెచ్చుల్లా లేచింది. ఇక ఆ జిగురు జిగురే కాదు. నీళ్ళలా పల్చగా సందుల్లోకి పాకి ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది. కరిగిన చోట వేలు పెడితే ముద్ర పడుతుంది. నా వేలు ఎక్కడుందో మీకు చెప్పాను.

మూడో రోజు నాయన తలుపు తోసుకుని వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు.

"అడ్డంగా రుద్దకు. పొడుగునా రుద్దు, గీతలు పడవు."

రుద్దాను.

"ఇది పాడైతే ఏం జేస్తావ్?"

"ఏముంది నాయనా. ఇంకోటి కొంటా."

ఆయన నవ్వాడు. తర్వాత కూర్చుని, నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. పదకొండేళ్ళప్పుడు తలుపు చట్రానికి టేకు కమ్మిని రెండు అంగుళాలు తక్కువ కోశాడట. మా తాత కొలబద్దతో కొట్టాడు. కొట్టినందుకు కాదు, ఆ చెక్క ఖరీదు ఇంటివాళ్ళు కూలిలో పట్టుకున్నందుకు ఇప్పటికీ గుర్తుందట. "ఆనాటి నుంచి కొలిచిందే మళ్ళీ కొలుస్తా" అన్నాడు.

నేనీ వ్యాసంలో చెప్పాలనుకున్నది ఇంతే. మొదటిసారి చెడగొట్టే హక్కు ఈ సమాజంలో అందరికీ సమానంగా లేదు. పని చేయక తప్పనివాడికి చెడగొట్టే తీరిక లేదు. చెడగొట్టగల తీరిక ఉన్నవాడు పనే ముట్టుకోడు. మనం కళాఖండం అంటాం, నైపుణ్యం అంటాం, ర్యాంకు అంటాం. నేర్చుకునేవాడి వంకర పనికి మాత్రం మన దగ్గర గౌరవమైన మాట ఒక్కటీ లేదు. 'చేతకానివాడు' అన్నది ఉంది, అది తిట్టు.

నా ఓడ సౌకర్యం ఉన్నవాడి ఓడ అని నాకు తెలుసు. మూడు వేలు నా దగ్గర ఉన్నాయి కనకనే నా తప్పుకి కొలబద్ద దెబ్బ లేదు. అంతమాత్రాన కిట్ కట్టడం మానేస్తే ఆ అన్యాయం తగ్గదు. ఆ తీరికని ఇంకొకళ్ళకి అందేలా చూస్తే తగ్గుతుంది. క్రాఫ్ట్ పీరియడ్‌లో క్రాఫ్ట్ చెప్పాలి. అందులో డాక్టరుగారి పిల్లాడూ వడ్రంగి పిల్లా పక్కపక్కన కూర్చుని చెరో చెక్కనీ పాడుచేయాలి, ఆ చెక్క డబ్బు ఎవరి కూలిలోంచీ పోకూడదు. కాంచ ఐలయ్య పిల్లల కోసం కుండ గురించీ నాగలి గురించీ పుస్తకమే రాశారు, 2007లో. పుస్తకం చదివించడం వరకు మనకి వచ్చు. మట్టి కూడా ఇవ్వాలి.

ఇది చదువుతున్న మీరు ఓడే కట్టనక్కర్లేదు. ఏదో ఒకటి మీ చేత్తో, చివరిదాకా, బాగా రాకపోయినా చేయండి. అది పూర్తయ్యేదాకా దాని మీద కవిత రాయకండి.

మాస్టు సంగతి: జిగురు తడి మీద ఉండగానే మూలమట్టం పెట్టి చూసుకోవాలట, నాయన తర్వాత చెప్పాడు. ఆయనకి అలవాటైన మూలమట్టం నా ఓడంత ఉంది, అయినా తెచ్చి పక్కన నిలబెట్టాడు. అప్పటికే ఆరిపోయింది. ఓడ ఇప్పుడు టీవీ పక్కన ఉంది. మేనత్త వచ్చినవాళ్ళకి "మావాడు చేసిండు" అని చూపిస్తోంది, వంకరని కూడా చూపిస్తోంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు పీట ఒకటి చేద్దామన్నాడు నాయన. మద్దిచెక్క తీసిపెట్టాడట. మొదటిసారి నాలుగు కాళ్ళూ నేల మీద ఆనవని ముందే చెప్పాడు.